గాలిని అల్లిన తీగ

మెక్సికో సంతలో గుడ్ల బుట్ట అల్లిక నేర్చుకుని, ఆ ఒక్క అల్లికతోనే ఇరవయ్యో శతాబ్దపు గొప్ప శిల్పుల వరసలో నిలిచింది రూత్ అసావా. 2026 ఆమె శతజయంతి సంవత్సరం.

మెక్సికో నగరానికి పడమటగా టొలూకా అనే పట్టణం ఉంది. ఒకప్పుడు అక్కడి సంతకు కోడిగుడ్లు తీగ బుట్టల్లో వచ్చేవి. తీగను ఉంగరంలా వంచడం, ఆ ఉంగరంలోంచి ఇంకో ఉంగరాన్ని లాగడం, ఒక వరస అయ్యాక దాని మీద మరో వరస అల్లుకుంటూ పోవడం. మగ్గం అక్కర్లేదు, అచ్చు అక్కర్లేదు, అతుకు పెట్టే కొలిమి అసలే అక్కర్లేదు. 1947 వేసవిలో అక్కడివాళ్లకు బొమ్మలు వేయడం నేర్పడానికి అమెరికా నుంచి వెళ్లిన ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి ఆ బుట్టల దగ్గర ఆగిపోయింది. ఊరివాళ్లను అడిగి అల్లిక నేర్చుకుంది. ఆ అమ్మాయే రూత్ అసావా.

బుట్ట అల్లిక వచ్చినవాళ్లు బుట్టలే అల్లుతారు. రూత్ కూడా మొదట బుట్టలే అల్లింది. ఆ తర్వాత అంచును తెరిచి వదలకుండా లోపలికి మళ్లించి మూసెయ్యడం మొదలుపెట్టింది. మూతపడ్డ బుట్టలో గుడ్లు పెట్టలేం. పైకప్పు నుంచి వేలాడదీస్తే మాత్రం అది గదిలో చోటు అడగకుండానే గదిలోని చూపులన్నీ తన వైపు తిప్పుకుంటుంది. ఆవలి గోడ దాని గుండా కనిపిస్తూనే ఉంటుంది. గోడ మీద దాని నీడ ఇంకో శిల్పంలా పరుచుకుంటుంది.

ఇవాళ ఆ శిల్పాలు న్యూయార్క్‌లోని మోమా, విట్నీ, గుగ్గెన్‌హైమ్ మ్యూజియాల్లో ఉన్నాయి. 2013లో ఒకటి వేలంలో 14 లక్షల డాలర్లు పలికింది. 2020లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది రకాల స్టాంపులు వేసింది. 2025లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఆమె సమగ్ర ప్రదర్శన అక్కడి నుంచి మోమాకు వెళ్లింది. ఇంత గౌరవం దక్కడానికి ముందు ఎన్నో ఏళ్లపాటు ఆ పని మీద పడ్డ ముద్ర ఒక్కటే: అలంకరణ వస్తువు, ఇల్లాలి చేతిపని. ఆ ముద్రను ఆమె ఎలా మోసిందో, ఎలా పట్టించుకోకుండా సాగిపోయిందో తెలుసుకోవడం మనకు చాలా అవసరం. ఎందుకంటే అదే ముద్ర మన ఊళ్లలో ఇప్పటికీ వేస్తున్నాం.

చెక్క కడ్డీ, చుట్టెడు తీగ

ఆమె పనికి కావలసిన సరంజామా ఒక చేతిసంచిలో పట్టేది. ఒక చెక్క కడ్డీ, తీగ కత్తిరించే పటకారు, ఓ చుట్ట తీగ. రాగి, ఇత్తడి, ఇనుము, జింకు పూత పూసిన ఉక్కు, అన్నీ వాడింది. తీగను కడ్డీకి దగ్గర దగ్గరగా చుట్టి తీస్తే ఒకే కొలతలో ఉంగరాలు వస్తాయి. వాటిని వేళ్లతో విడదీస్తూ, ఒకదాన్ని ఒకటి పట్టుకునేలా వరసలు వేసుకుంటూ పోవాలి. వరసలో ఉంగరాలు పెంచితే బొజ్జ వస్తుంది. తగ్గిస్తే నడుము వస్తుంది. క్రోషా అల్లే మన ఆడవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. తేడా అల్లా దారం మెత్తన, తీగ మొండి. దారం పని తప్పితే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. ఒకసారి వంగిన తీగ ఆ వంపును వదిలిపెట్టదు, విప్పితే వంకరలు పోతుంది. పైగా వేళ్లు కోసుకుపోతాయి. రూత్ వేళ్లకు టేపు చుట్టుకుని అల్లేది.

బుట్టవాళ్లు నేర్పిన పని ఇంతవరకే. దీని మీద రూత్ కట్టిన ఆలోచన పూర్తిగా ఆమెదే. ఒక గోళం అల్లుతూ దాని మెడ దగ్గరికి రాగానే అల్లికను లోపలికి తిప్పుతుంది. ఆ లోపల మరో గోళం మొదలవుతుంది. అందులోంచి మళ్లీ బయటికి. బయటి గోడ మెల్లగా లోపలి గోడ అవుతుంది, లోపలిది ఇంకో చోట బయటిదవుతుంది. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం. పది అడుగుల పొడవున ఏడెనిమిది బొజ్జలతో వేలాడే శిల్పాన్ని కింద నుంచి పైదాకా చూస్తుంటే ఒకదానిలో ఒకటి, దానిలో ఇంకొకటి, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. శిల్పమంటే రాయో కంచో అనుకుని, దాని బరువును బట్టి విలువ కట్టే రోజులవి. అప్పుడు రూత్ చేసింది దాదాపు బరువే లేని, పీఠం అక్కర్లేని, లోపల ఏమీ దాచుకోని శిల్పం. ఒక గీత చోటును చుట్టగలదు, అయినా దాన్ని మూసెయ్యదు. తీగలో తనకు నచ్చిన గుణం అదేనని ఆమె చెప్పుకునేది.

పొలంలో గీసిన గీతలు

ఆ ఆకారాలు ఎక్కడివని అడిగితే రూత్ తన చిన్నతనాన్ని చూపించేది. 1926 జనవరి 24న కాలిఫోర్నియాలోని నార్వాక్‌లో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో నాలుగోది. తల్లిదండ్రులు జపాన్ నుంచి వచ్చి కూరగాయలు పండించేవాళ్లు. ఆసియా నుంచి వచ్చినవాళ్లు భూమి కొనకూడదు, పౌరసత్వం అడగకూడదు అని చట్టాలున్న కాలం. కౌలు చేసుకునే బతకాలి. బడి నుంచి రాగానే పిల్లలందరికీ పొలం పని ఉండేది. గుర్రం లాగే చదును బల్ల వెనక కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, కాలి వేళ్లతో మట్టిలో గీతలు గీసుకుంటూ పోయేది రూత్. గుర్రం సాగుతుంటే కాలు అటూ ఇటూ ఊగేది, మట్టిలో సన్నబడుతూ లావవుతూ అలలు పడేవి. తన తీగ శిల్పాల వంపులన్నీ ఆ గీతల్లోంచే వచ్చాయన్నది ఆమె మాట.

శనివారాలు జపనీస్ బడికి పంపేవారు. అక్కడ కుంచెతో అక్షరాలు దిద్దించేవారు. నల్లటి గీత ఎంత ముఖ్యమో, గీతల మధ్య మిగిలిన తెల్లటి చోటూ అంతే ముఖ్యమని అక్కడే తెలిసింది. పొలం ఒక పాఠం, కుంచె ఒక పాఠం. రెండూ పదిహేనేళ్లలోపే అందాయి.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు వేసింది. 1942 ఫిబ్రవరిలో ప్రభుత్వ నేరపరిశోధన సంస్థ ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి రూత్ తండ్రిని పట్టుకుపోయారు. ఆ కుటుంబం ఆయన్ని మళ్లీ చూడటానికి ఏళ్లు పట్టింది. జపాన్‌లో చుట్టాలింటికి వెళ్లిన చెల్లెలు యుద్ధం ముగిసేదాకా అక్కడే ఇరుక్కుపోయింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని దాదాపు 1,20,000 మంది జపనీస్ మూలాలవాళ్లను శిబిరాలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలో పుట్టిన పౌరులే. తల్లితో, తోబుట్టువులతో కలిసి రూత్ చేరిన మొదటి చోటు శాంటా అనీటా గుర్రప్పందేల మైదానం. కాపురం గుర్రపుశాలలో. గోడల సందుల్లో ఇంకా గుర్రపు వెంట్రుకలు, వాసన.

అదే మైదానంలో డిస్నీ స్టూడియోలో పనిచేసిన జపనీస్ అమెరికన్ చిత్రకారులు కొందరు బందీలుగా ఉన్నారు. పందేలు చూసేవాళ్లు కూర్చునే మెట్ల మీద పిల్లలను కూర్చోబెట్టి వాళ్లు బొమ్మలు నేర్పారు. పొలం పని లేదు, ఇంటి పని లేదు. పదహారేళ్ల రూత్‌కు జీవితంలో మొదటిసారి రోజంతా బొమ్మలు వేసుకునే తీరిక దొరికింది. ఆ తర్వాత అర్కాన్సాస్‌లోని రోవర్ శిబిరానికి పంపారు. చుట్టూ చిత్తడి నేల, కాపలా బురుజులు, ముళ్లతీగ. అక్కడే 1943లో హైస్కూలు చదువు పూర్తి చేసింది.

ముళ్లతీగ వెనక పెరిగింది కాబట్టి తీగ పట్టుకుందని కొందరు రాస్తుంటారు. నేను దాన్ని ఒప్పుకోను. ఒక మనిషి జీవితంలో మిగతావాళ్లు చేసిన అన్యాయాన్ని తీసుకొచ్చి ఆ మనిషి సృష్టికి మూలమని చెప్పడం రెండో అన్యాయం. రూత్ శిల్పాలకు మూలాలు ఆమే చెప్పింది: పొలం, కుంచె, ఆ తర్వాత వచ్చిన గురువులు, ఒక సంత. శిబిరం గురించి ఆమెకు కక్ష లేదు, మరుపూ లేదు. ఆ కష్టం లేకపోతే తాను తానయ్యేది కాదని అనేది. ఎన్నో ఏళ్ల తర్వాత, 1994లో, శాన్‌హోసేలో ఆ నిర్బంధానికి స్మారకం కట్టినప్పుడు ఆ కంచు ఫలకాలను చేసింది ఆమే. ఎఫ్‌బీఐ వాళ్లు తండ్రిని పట్టుకెళ్లడం, సామాన్లు మూటగట్టడం, శిబిరం, అన్నీ అందులో ఉన్నాయి. చెప్పాల్సిన చోట చెప్పింది. తీగ శిల్పాలకు ఆ పని అప్పజెప్పలేదు.

డిగ్రీ ఇవ్వని కాలేజీ, డిగ్రీ లేని కాలేజీ

శిబిరం నుంచి చదువు కోసం బయటపడే దారి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల సాయంతో దొరికింది. బొమ్మల టీచరు అవుదామని మిల్వాకీలో టీచర్ల కాలేజీలో చేరింది. మూడేళ్లు చదివాక బడిలో పాఠాలు చెప్పే శిక్షణ మిగిలింది. జపాన్ ముఖం ఉన్న అమ్మాయిని ఏ బడీ తీసుకోదని, అది ఆమెకే ప్రమాదమని చెప్పి పంపేశారు. శిక్షణ లేనిదే పట్టా లేదు. 1998లో అదే విద్యాసంస్థ గౌరవ డాక్టరేట్ ఇస్తామంటే, నాకు రావలసిన ఆ డిగ్రీ ఇవ్వండి చాలు అని అడిగి తీసుకుంది. అప్పటికి ఆమెకు డెబ్బై రెండేళ్లు.

1946లో ఆమె చేరిన రెండో కాలేజీ పేరు బ్లాక్ మౌంటెన్. ఉత్తర కరోలినా కొండల్లో 1933లో మొదలై పాతికేళ్లయినా నిలవకుండా మూతబడిన ఆ చిన్న కాలేజీ అమెరికా కళను మార్చేసింది. విద్యార్థులూ పంతుళ్లూ కలిసి పొలం దున్నేవాళ్లు, వంట చేసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు. కూరగాయల రైతు బిడ్డకు అది సొంత ఇల్లే అయింది. అక్కడ యోసెఫ్ ఆల్బర్స్ గురువు. హిట్లర్ మనుషుల వల్ల జర్మనీలో బౌహౌస్ కళాశాల మూతపడితే వచ్చేసినవాడు. సొంత భావాలు వెళ్లగక్కమని ఆయన ఎన్నడూ చెప్పలేదు. ముందు చూడటం నేర్చుకోమన్నాడు. రాలిన ఆకులు, కాగితం మడతలు, పారేసిన సామాను, వీటితోనే అభ్యాసాలు. ఒక వస్తువు ఏం చెయ్యగలదో దాని చేతే చెప్పించు అనే పాఠం. రూత్ అక్కడ లాండ్రీలో దుప్పట్ల మీద గుద్దే రబ్బరు ముద్రతోనే కాగితం నిండా అలలు గుద్ది బొమ్మలు చేసింది. ఆర్కిటెక్ట్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అక్కడే పరిచయమయ్యాడు, జీవితాంతం మిత్రుడయ్యాడు.

టొలూకా ప్రయాణం ఈ చదువు మధ్యలో జరిగిందని గుర్తుపెట్టుకుంటే ఆ గుడ్ల బుట్ట ఆమెకు ఎందుకంత పెద్దగా కనిపించిందో అర్థమవుతుంది. ఆ సంతలో ఆ బుట్టలు వేలమంది చూసి ఉంటారు. ఒక్క తీగ, ఒక్క ముడి, మళ్లీ మళ్లీ అదే. దాంతో ఎంత దూరం పోవచ్చో చూద్దామని అనుకోవడానికి ఆల్బర్స్ దగ్గర తిన్న దెబ్బలు కావాలి.

వీపున బిడ్డ, ఒళ్లో తీగ

బ్లాక్ మౌంటెన్‌లోనే ఆల్బర్ట్ లానియర్ పరిచయం. జార్జియా నుంచి వచ్చిన తెల్లజాతి కుర్రాడు, తర్వాత ఆర్కిటెక్ట్ అయ్యాడు. జాతులు వేరైన పెళ్లిళ్ల మీద నిషేధాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1948లో కొట్టేసింది. 1949లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెళ్లి చేసుకున్నారు. ఉంగరం ఫుల్లర్ రూపొందించాడు. ఆల్బర్స్ పెళ్లికొడుక్కి ఒకే మాట చెప్పాడట: ఆమె పని ఆగిపోనివ్వకు. ఆల్బర్ట్ ఆ మాట నిలబెట్టుకున్నాడు.

1950 నుంచి 1959 మధ్య ఆరుగురు పిల్లలు. పదేళ్లలో ఆరుగురు. తీగ శిల్పాల్లో చాలా గొప్పవి కూడా ఆ పదేళ్లవే. ఇది ఎలా సాధ్యమైందో ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ తీసిన చిత్రాల్లో కనిపిస్తుంది. ఇంటి మధ్యలో నేల మీద రూత్, చేతిలో తీగ, పక్కన ఒకడు పుస్తకం పట్టుకుని, ఇంకొకరు పాల సీసాతో, ఒక పసివాడు ఒంటి మీద బట్టల్లేకుండా, వాళ్లందరి మధ్య వేలాడుతున్న గోళాలు. ఆమెకు ప్రత్యేకంగా పనిగది అవసరం పడలేదు. పిల్లలు కడ్డీకి తీగ చుట్టి ఇచ్చేవాళ్లు. పసిబిడ్డ ఏడిస్తే లేచి వెళ్లి, తిరిగి వచ్చి ఆపిన ఉంగరం దగ్గరే మళ్లీ అందుకోవచ్చు. రంగుల పనిలో అది కుదరదు, రంగు ఎండిపోతుంది. తీగ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. పగలు ఇలా తునకలు తునకలుగా, రాత్రి పిల్లలు పడుకున్నాక గంటల తరబడి.

న్యూయార్క్‌లో పెరిడాట్ గ్యాలరీ 1954, 1956, 1958లలో ఆమె ప్రదర్శనలు పెట్టింది. 1955లో సావో పాలో బినాలె కళాప్రదర్శనకు శిల్పాలు వెళ్లాయి. పత్రికలు రాశాయి కూడా. రాసినవాళ్లు మాత్రం శిల్పి పేరు పక్కన "ఇల్లాలు" అని, "ఇంతమంది పిల్లల తల్లి" అని చేర్చడం మరిచిపోలేదు. పక్కనే ఉన్న మగ శిల్పులకు ఎంతమంది పిల్లలో ఎవరూ లెక్కపెట్టలేదు. ముచ్చటగా ఉంది, ఇంటికి అందాన్నిస్తుంది అన్నారు. అల్లిక అనగానే ఆడపని, ఆడపని అనగానే అలంకారం, అలంకారం అనగానే తేలిక. ఈ మూడు మెట్లు దిగడానికి వాళ్లకు ఒక్క వాక్యం పట్టేది.

ఇక్కడ మన నరసాపురం గుర్తుకు రాకుండా ఉండదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు తెచ్చిన క్రోషా లేసు అల్లిక గోదావరి డెల్టాలో వేలాది ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికి వచ్చి వాళ్ల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించింది. ఆమె చూపించిన నిజం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. దేశాలు దాటి వెళ్లే సరుకును అల్లుతున్నా ఆ ఆడవాళ్లను అందరూ "ఇంట్లో కూర్చున్నవాళ్లు" అన్నారు. వాళ్లది పని కాదు, తీరిక వేళ కాలక్షేపం అన్నారు. కాలక్షేపానికి కూలి ఎంతివ్వాలి? ఎంతిచ్చినా ఎక్కువే. లాభం ఎగుమతిదారులది, కళ్లజోడు అల్లినవాళ్లది. రూత్‌కు అంటిన ముద్ర పేరుకు మాత్రమే నష్టం చేసింది. నరసాపురంలో అదే ముద్ర కంచంలో అన్నం తగ్గించింది.

రూత్ ఈ గొడవలో వాదనకు దిగలేదు. నా పనిని చేతిపని అనకండి, కళ అనండి అని ఆమె ఎక్కడా బతిమాలలేదు. కళాకారులంటే ప్రత్యేకంగా పుట్టినవాళ్లు కారని, మామూలు వస్తువును తీసుకుని దాన్ని ప్రత్యేకం చేసే మామూలు మనుషులని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో బుట్టకూ శిల్పానికీ మధ్య గోడ లేదు. గోడే లేనప్పుడు ఏ పక్కన నిలబడ్డావని అడిగితే ఏం చెబుతుంది?

ఎడారి మొక్క నేర్పింది

1962లో స్నేహితులు డెత్ వ్యాలీ ఎడారి నుంచి ఒక ఎండు మొక్క తెచ్చి, దీన్ని బొమ్మ గీయమని ఇచ్చారు. గీయబోతే చేత కాలేదు, కొమ్మలు అంత చిక్కుపడి ఉన్నాయి. అర్థం చేసుకోవడానికి తీగతో దాన్ని కట్టి చూసింది. వందల తీగలను ఒక కట్టగా నడుమున బిగించి, కట్టను రెండుగా చీల్చి, ఆ రెంటినీ నాలుగుగా, అలా చివరకు ఒక్కొక్క తీగ మిగిలేదాకా విడదీస్తూ పోవడం. చెట్టు కూడా పెరిగేది అలాగే. మాను దగ్గరున్నదే కొసన చిగురుగా మారుతుంది, కొత్తగా ఏదీ వచ్చి చేరదు. అల్లిక శిల్పాల తర్వాత ఆమె పనిలో ఇది రెండో పెద్ద మలుపు.

రాగి తీగ నల్లబడితే శుభ్రం చేయించడానికి లోహపు పూతలు వేసే కర్మాగారాలకు తిరిగేది. చాలామంది ఇది మా పని కాదన్నారు. ఒకచోట మాత్రం ఆమె పని నచ్చి, కలిసి ప్రయోగాలు చేశారు. పూత వేసే తొట్టెలో రాగి తీగను నెలల తరబడి వదిలేస్తే దాని మీద పగడం మీద ఉన్నట్టు గరుకు గరుకుగా పొక్కులు కట్టి, పచ్చటి రంగు తేలింది. మామూలుగా అయితే అది పాడైన సరుకు. రూత్ దాన్నే కోరి తెచ్చుకుంది. 1965లో లాస్‌ఏంజెలెస్‌లోని టామరిండ్ లితోగ్రఫీ వర్క్‌షాప్‌లో రెండు నెలలుండి 54 ముద్రణా చిత్రాలు చేసింది.

ఆమె శిల్పాల్లో ఊరి జనానికి బాగా తెలిసినది మాత్రం తీగ శిల్పం కాదు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గిరార్డెల్లి స్క్వేర్ ఫౌంటెన్‌లో నిలిచిన కంచు జలకన్య. ఒళ్లో బిడ్డకు పాలిస్తున్న జలకన్య, చుట్టూ తాబేళ్లు, కప్పలు. తోక మీద అల్లిక పని ఉంది, ముందు తీగతో అల్లి తర్వాత కంచులో పోత పోశారు. ఆ చోటును రూపొందించిన పేరున్న ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ లారెన్స్ హాల్ప్రిన్ మండిపడ్డాడు. ఆధునికమైన, ఏ బొమ్మా లేని శిల్పం వస్తుందనుకుంటే ఇదేమిటని, తీసెయ్యమని అడిగాడు. పత్రికల్లో పెద్ద వాదన జరిగింది. ఊళ్లోని ఆడవాళ్లు రూత్ పక్కన నిలిచారు. జలకన్య ఇప్పటికీ అక్కడే ఉంది. నా మటుకు నాకు ఆ గొడవలో హాల్ప్రిన్ ఓడిపోవడం మంచిదే అయింది. బిడ్డకు పాలిచ్చే తల్లి ఊరి నడిబొడ్డున ఉండకూడదనే ఆధునికత ఎవరికి కావాలి?

మైదా ముద్దతో కట్టిన ఊరు

తన పిల్లలు చదివే ఆల్వరాడో ప్రాథమిక బడిలో బొమ్మల పాఠమంటే అచ్చువేసిన కాగితంలో గీతలు దాటకుండా రంగు నింపడమేనని చూసి రూత్ బాధపడింది. 1968లో ఇంకో తల్లితో, చరిత్రకారిణి శాలీ వుడ్‌బ్రిడ్జ్‌తో కలిసి అక్కడే ఆల్వరాడో ఆర్ట్ వర్క్‌షాప్ మొదలుపెట్టింది. బడ్జెట్ లేదు. పాల డబ్బాలు, గుడ్ల అట్టపెట్టెలు, పీచు, నూలు, ఏది పారేస్తుంటే అది తెచ్చుకున్నారు. మట్టి బదులు పిండి: నాలుగు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒకటిన్నర కప్పు నీళ్లు. పిసికి బొమ్మలు చేసి పొయ్యిలో కాలిస్తే గట్టిపడతాయి. తల్లిదండ్రులు వచ్చి కూర్చునేవాళ్లు. ఊళ్లో పనిచేసుకునే కళాకారులనే పిలిచి పాఠాలు చెప్పించేవాళ్లు, ప్రభుత్వ పథకాల డబ్బు దొరికినప్పుడు వాళ్లకు జీతాలిప్పించారు. కొన్నేళ్లలో ఆ పద్ధతి శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాభై బడులదాకా పాకింది.

ఆ పిండి ముద్ద ఏం చెయ్యగలదో చూడాలంటే యూనియన్ స్క్వేర్ దగ్గర హయత్ హోటల్ మెట్ల మీదున్న ఫౌంటెన్ చూడాలి. 1973లో పూర్తయింది. గుండ్రటి తొట్టె చుట్టూ శాన్‌ఫ్రాన్సిస్కో ఊరంతా ఉంది: ట్రాములు, వంతెనలు, కొండలు, మనుషులు. వాటిని రూత్ ఒక్కతే చెయ్యలేదు. బడిపిల్లలు, స్నేహితులు, ఇంటివాళ్లు కలిసి రెండు వందల మందికి పైగా పిండితో చేశారు. తర్వాత కంచులో పోత పోశారు. చిన్నప్పుడు ఇందులో నేను ఫలానా బొమ్మ చేశానని చెప్పుకునే పెద్దవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. మ్యూజియంలో పేరున్న శిల్పి, పిల్లలు వేలితో నొక్కిన పిండి ముద్దను తన శిల్పంగా ఒప్పుకుంది. ఇంతటి ధైర్యం చాలా తక్కువమందిలో చూస్తాం.

1982లో ఆ నగరంలో కళల కోసం ప్రభుత్వ హైస్కూలు ఏర్పడటానికి ఆమె పోరాటమే ప్రధాన కారణం. 2010లో ఆ బడికి ఆమె పేరే పెట్టారు. 1985 నుంచి లూపస్ జబ్బు ఆమెను పీడించింది, చేతులకు పూర్వపు సత్తువ పోయింది. అయినా బడుల పని వదల్లేదు. 2013 ఆగస్టులో, 87 ఏళ్ల వయసులో, తన ఇంట్లోనే కన్నుమూసింది.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని తెలుగు కుటుంబాలకు ఒక మాట. గోల్డెన్ గేట్ పార్కులో డి యంగ్ మ్యూజియం గోపురం అడుగున ఆమె ఇచ్చిన 15 శిల్పాలు వేలాడుతున్నాయి. అక్కడికి వెళ్లడానికి టికెట్ కొనక్కర్లేదు. పిల్లలను తీసుకెళ్లి ముందు శిల్పాన్ని కాకుండా గోడ మీది నీడను చూపించండి.

ఇక్కడ తెలుగు నేల మీద ఉన్నవాళ్లకు ఇంకో మాట. మన బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ లెక్కల పీరియడ్‌గా మారడం మనందరికీ తెలుసు. క్రాఫ్ట్ టీచరు ఉన్న బడి ఎక్కడైనా కనిపిస్తే చెప్పుకోదగ్గ విశేషమైంది. నేర్పేవాళ్లకు కరువుందా అంటే లేదు. కరీంనగర్‌లో వెంట్రుకంత వెండి తీగకు పురిపెట్టి, చదును చేసి, చుట్లు చుట్టి కుంకుమ భరిణెలు, అత్తరుదానులు చేసే పనివాళ్లున్నారు. వాళ్ల పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏటికొప్పాకలో లక్క బొమ్మలవాళ్లున్నారు. నరసాపురంలో లేసు అల్లే అమ్మలున్నారు. ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లే పిన్ని లేని వీధి లేదు. మీ పిల్లలు చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ఈసారి మార్కుల గురించి అడగడం అయ్యాక ఇంకొకటి అడగండి. వారానికి ఒక్క పూట వీళ్లలో ఒకరిని బడికి పిలవమనండి. పిలిచినప్పుడు శాలువా కప్పి పంపెయ్యకుండా, పాఠం చెప్పినందుకు టీచరుకిచ్చినట్టే డబ్బు ఇవ్వమనండి.